సర్థానాలో దిగిపోయే మనిషి

మా మిల్లు పనివాళ్ళ పేట నవాగామ్‌లో మిట్టమధ్యాహ్నం పూట ఒక మగమనిషి మెట్ల మీద ఊరికే కూర్చుని కనిపిస్తే అతనికి జ్వరమైనా వచ్చి ఉండాలి, పనైనా పోయి ఉండాలి. మూడో కారణం మా గల్లీకి తెలియదు. పగటి పాళీ వాళ్ళు మిల్లుల్లో ఉంటారు, రాత్రి పాళీ వాళ్ళు తలుపులు వేసుకుని నిద్రపోతుంటారు. అందుకే నర్సింగం అలా కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తలో వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు అందరూ ఆగి అతని నుదురు మీద చెయ్యి పెట్టి చూశారు.

"జరం లేదు. పని పోలే. జల్దీ అయిపోతది, గంతే," అని అందరికీ చెప్పి చెప్పి అతనికి విసుగొచ్చింది. ఎవరూ నమ్మలేదు. మొదట్లో నేను కూడా నమ్మలేదు.

నేను వాళ్ళ పైగదిలో అద్దెకుంటాను. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో గుమాస్తాని. తిండి మాత్రం వాళ్ళింట్లోనే. నర్సింగం భార్య విజయరాణి ముందుగదిలో మెస్సు నడుపుతుంది. మా సిరిసిల్ల వైపు నుంచి ఇంత దూరం వచ్చి మిల్లుల్లో పనిచేసుకునే వాళ్ళకు అన్నం పెడుతుంది. ఆమెను నేను అక్కా అంటాను కాబట్టి నర్సింగం నాకు బావ. ఆ వరసలో ఎంతైనా ఏడిపించవచ్చు. ఆ చొరవతోనే ఇతని సంగతి రాస్తున్నాను.

అతను చేసే పనిని ఇక్కడ బీమ్ జోడించడం అంటారు. మరమగ్గం మీద ఒక బీమ్, అంటే పడుగు చుట్ట, అయిపోతున్నప్పుడు, కొత్త చుట్టలోని పోగులన్నిటినీ పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు ఉంటాయి. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి, మెలిపెట్టి వదిలి, తర్వాతది అందుకోవాలి. ఒక్కడి వల్ల కాదని కాదు గానీ ఒక్కడే ఎవరూ చేయరు. జోడీగా కూర్చుంటారు. ఒకరు ఎడమ అంచు నుంచి, ఇంకొకరు కుడి అంచు నుంచి మొదలుపెట్టి మగ్గం మధ్యలో కలుసుకుంటారు. చివరి పోగును ఒకరు పట్టుకుంటే ఇంకొకరు మెలిపెడతారు. మధ్యకు ఎవరు వెనక చేరితే వాళ్ళు చాయ్ తాగించాలి.

నర్సింగానికి జోడీ బిక్షపతి. సిరిసిల్ల దగ్గర ఒకే ఊరి నుంచి ఒకే రైలెక్కి వచ్చినవాళ్ళు. నర్సింగం కూతురు లాస్య పుట్టకముందు నుంచి ఇద్దరూ ఒకే మగ్గానికి చెరో అంచున కూర్చున్నారు. చేతులు పనిచేస్తుంటే నోళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి పొద్దంతా మాట్లాడుకునేవారు. పక్క మగ్గాల మోతలో అరిచి అరిచి అలవాటైపోయి, ఇంటి దగ్గర ఒకే గట్టు మీద కూర్చుని కూడా అరుచుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు వాళ్ళు కొట్లాడుకుంటున్నారనుకుని విడదీయడానికి పోయేవారు. నేనూ ఒకసారి పోయాను.

హోలీకి ముందు వాళ్ళ సేఠ్ ఒక యంత్రం తెచ్చాడు. చూడటానికి కుట్టుమిషను తలకాయంత ఉంటుంది. పోగులను బిగించి దాన్ని ఒక అంచున పెడితే, టకటకా ముళ్ళు వేసుకుంటూ రెండో అంచుకు తనే నడిచిపోతుంది. ఇద్దరు మనుషులు పొద్దుగూకేదాకా చేసే పనిని అన్నం తిని కాస్త నడుం వాల్చి లేచేలోగా ముగిస్తుంది. దానికి ఒక్క మనిషి చాలు. సేఠ్ ఇద్దరినీ పిలిచి, ఎవరుంటారో మీరే చెప్పండి అన్నాడు.

"వాణ్ణి ఉంచు సేఠ్. వానికి సదువుకునే బిడ్డ ఉంది. నా కొడుకు చేతికొచ్చిండు," అన్నాడు బిక్షపతి.

నర్సింగం తల వంచుకుని నిలబడ్డాడు. మాటవరసకైనా వద్దురా అనలేదు. నిజంగా అనబుద్ధి కాలేదో, నోరు పెగల్లేదో అతనికే తెలియదు. ఆ వారంలోనే బిక్షపతి గది ఖాళీ చేసి, టైల్స్ పనిచేసే కొడుకు దగ్గరకు ఊరవతల కామ్‌రేజ్ వెళ్ళిపోయాడు. అక్కడ కడుతున్న ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు.

యంత్రం పనిచేస్తుంటే నర్సింగం పక్కన నిలబడి చూడాలి. అంతే పని. ఎక్కడైనా పోగు తెగితే అదే ఆగి దీపం వెలిగిస్తుంది. చూడటం కూడా ఒక పనే అని అతని చేతులకు ఎవరు చెప్పాలి? మొదటి నెలంతా చేతులు వెనక్కి కట్టుకుని, ముందుకు కట్టుకుని, జేబుల్లో పెట్టుకుని తిప్పలు పడ్డాడు. ఒకరోజు ఇక పట్టలేక వేళ్ళకు బూడిద అద్దుకున్నాడు. యంత్రం ఎడమ అంచున ఉంటే తను పోయి కుడి అంచున కూర్చుని చేత్తో అతకడం మొదలుపెట్టాడు. అది అటు నుంచి వస్తుంది, తను ఇటు నుంచి పోతాడు, మధ్యలో కలుస్తారు. పని ఇంకా జల్దీ అవుతుందని అతని లెక్క.

పోగులన్నీ ఒకే బిగువులో ఉంటేనే యంత్రానికి అందుతాయి. ఇతను ఒక పక్క పట్టి లాగేసరికి బిగువు సడలి, పోగులు ఒకదాని మీదికొకటి దాటాయి. అది తెలియకుండా మగ్గం నడిపారు. గుడ్డ మొత్తం గీతలు గీతలుగా దిగింది. సేఠ్ ఆ గుడ్డను, నర్సింగాన్ని మార్చి మార్చి చూశాడు.

"మెషీన్ కో భీ జోడీదార్ చాహియే క్యా?" అని, మెషీన్‌కు కూడా జోడీ కావాలా అని అడిగాడు. మిల్లంతా నవ్విందట. ఆ రోజు నుంచి సేఠ్ ఆజ్ఞ ఒకటే. బీమ్ ఎక్కించు, మెషీన్ నడుపు, అయిపోగానే ఇంటికి పో, చెయ్యి మాత్రం పెట్టకు. జీతం జీతమే. ఇట్లాంటి శిక్ష నాకు వేసే సేఠ్ ఎక్కడున్నాడో గానీ, నర్సింగం దాన్ని తలకొట్టేసినంత అవమానంగా తీసుకున్నాడు.

అలా మా మెట్ల మీదికొచ్చాడు.

మెట్ల మీద ఎంతసేపని కూర్చుంటాడు? మెస్సులోకి దూరాడు. విజయరాణి వండుతుంటే పొయ్యి మంట తగ్గించడం, ఆమె అటు తిరగగానే పెంచడం. తినేవాళ్ళ వెనక నిలబడి చివరి ముద్ద నోట్లోకి పోకముందే కంచం లాక్కోవడం. "ఒగలు లేవంగనే ఇంకొగలు కూసోవాలె, మగ్గం ఖాలీ ఉండొద్దు," అని జోల్వా మిల్లుల నుంచి అలిసి వచ్చిన మనిషికి చెప్పాడు. ఆ మనిషి పెరుగన్నం దగ్గర ఆగిపోయి, రేపటి నుంచి వేరే మెస్సు చూసుకుంటానన్నాడు. విజయరాణి గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏందయ్యా, నా మెస్సును మిల్లు చేస్తున్నవా? పో, బయటికి పో!"

తర్వాత కూతురు లాస్య పూనుకుంది. కాలేజీలో చదువుతుంది, మూడు భాషలు కలిపి ఒకే మాటలో మాట్లాడుతుంది. "డాడీ, ఇత్నా టైమ్ దొరికింది గదా, ఏమన్న షీఖో. ఫోన్‌ల సబ్ కుఛ్ ఉంది," అని, ఏదైనా నేర్చుకోమంటూ తన ఫోన్‌లోనే ఇంగ్లీషు నేర్పే ఒక పాఠం పెట్టి ఇచ్చింది. అందులోని అమ్మాయి గొంతు నీ పేరేమిటని అడిగింది. చెప్పాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. మూడోసారి అడిగేసరికి, "చెప్పిన గదనే!" అని మగ్గాల మోతను దాటే గొంతుతో అరిచాడు. పక్కగదుల్లో రాత్రి పాళీ వాళ్ళంతా లేచి కూర్చున్నారు. ఫోను లాస్యకు తిరిగి వెళ్ళిపోయింది.

అతన్ని చూస్తే నాకు మొదట నవ్వొచ్చేది, తర్వాత్తర్వాత చిరాకు పుట్టింది. నాకైతే పొద్దున మార్కెట్‌లో కూర్చుంటే సేఠ్ లేచేదాకా లేవడానికి లేదు. చేతినిండా సమయం పెట్టుకుని ఈ మనిషి కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే ఒళ్ళు మండదా?

చివరికి విజయరాణే తోవ చూపించింది. "కామ్‌రేజ్ పోయి బిక్షపతన్నను చూసి రారాదా? ఎన్ని దినాలాయె," అంది. మర్నాడు మధ్యాహ్నం అతను బస్సెక్కాడు. సాయంత్రం వచ్చి, బిక్షపతి దొరకలేదన్నాడు. రెండు రోజులాగి మళ్ళీ పోయాడు. ఈసారీ దొరకలేదు. వాచ్‌మన్ అన్నవాడు గేటు దగ్గర దొరక్క ఎక్కడికి పోతాడని మాకెవరికీ తట్టలేదు.

ఒకనాడు మా సేఠ్ నన్ను సర్థానాలో ఒక దుకాణానికి చీరల నమూనాలిచ్చి రమ్మన్నాడు. సర్థానా అంటే కామ్‌రేజ్ దారిలోనే, ఊరి చివర. అక్కడ జంతువుల పార్కు ఉంది. దాని గేటు ముందు బెంచీ మీద కూర్చుని మా బావ పల్లీలు తింటున్నాడు.

"గిదేనా బావా కామ్‌రేజ్?" అన్నాను.

పల్లీల పొట్లం నాకు చాపాడు. తప్పించుకోవడానికి ఇంకేమీ దొరకలేదు పాపం. లోపలి పులి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడు పోయినా పడుకునే ఉంటుందట. ఇతనేమో దాని చుట్టూ తిరిగి, నెమళ్ళ దాకా పోయి, మళ్ళీ పులి దగ్గరికి వచ్చి, మళ్ళీ తిరుగుతాడట. నేను పల్లీలు ముట్టకుండా చూస్తూ ఉండేసరికి మాట ఆపేశాడు.

"బస్సు ఎక్కుత తమ్మీ. పక్కా పోవాలనే ఎక్కుత. సర్థానా రాంగనే కాళ్ళు వాటంతటవే దిగుతయ్."

"ఎందుకు?"

"ఏం మొఖం పెట్టుకొని పోను? గీ పగటిపూట నాకు యాడికెళ్ళి అచ్చింది? సగం వానిదే గద. నీ పని పోతె నాకు గింత టైం మిగిలిందిరా, ఏం తోస్తలేదు, అందుకే నిన్ను చూసి పోదామని అచ్చిన అని చెప్పాలెనా?"

ఇద్దరం ఒకే బస్సులో తిరిగొచ్చాం. దారి పొడుగునా అతను ముందు సీటు కడ్డీని బొటనవేలితో, చూపుడువేలితో మెలిపెడుతూనే ఉన్నాడు.

ఆ వారమే సోమలింగం వచ్చాడు. జోల్వాలో ఒక పెద్ద మిల్లులో జాబర్, అంటే పనివాళ్ళను కుదిర్చి మగ్గాల బాగోగులు చూసేవాడు. అక్కడా ఇలాంటి యంత్రమే కొన్నారు, మధ్యాహ్నాల్లో నడిపే మనిషి కావాలి. "ఇక్కడ ముగించుకొని అక్కడికి రా. ఖాలీగ కూసుంటే మనిషి ఖరాబైతడు. ఐతారం పొద్దుగూకెటాలకు ఫోన్ జేస్త, అవునో కాదో చెప్పు. సోమవారం సంది పని," అన్నాడు.

నర్సింగం ముఖం వెలిగిపోయింది. అంత వెలుగు ఆ ముఖంలో హోలీ తర్వాత నేను చూడలేదు. డబ్బు కోసం కాదు. మధ్యాహ్నాలను ఎక్కడో ఒక చోట పడేసి చేతులు దులుపుకునే అవకాశం వచ్చింది. జోల్వాకు పోతే ఇక కామ్‌రేజ్‌కు పోలేదేమని ఎవరూ అడగరు. తీరిక లేదని చెప్పుకోవచ్చు. తనకు తానూ చెప్పుకోవచ్చు.

విజయరాణికి ఇది తెలియదా! సోమలింగం గడప దాటగానే చపాతీ పిండి చేతులతోనే వచ్చి ఎదురుగా నిలబడింది.

"పనికి పోతే పో, వద్దంటలేను. కాని ముందుగాల ఆ మనిషిని చూసిరా. ఒక్కసారి జోల్వాల పడ్డవంటే నువ్వు ఈ జన్మల కామ్‌రేజ్ పోవు. నాకెరుక," అంది. "ఆయన లేక నువ్వు పిచ్చోని లెక్క అయినవయ్యా. నాకు చూడబుద్ధి అయితలేదు," అని గిర్రున తిరిగింది. లోపలికి వెళ్ళి పిండి మీద ఆ కోపమంతా చూపించింది.

ఆదివారం పొద్దున ఆమె నా గది తలుపు కొట్టింది. చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా, అందులో సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చిన రొట్టె. బిక్షపతికి ప్రాణం.

"తమ్మీ, నువ్వు గూడ పో. సర్థానాల దిగనియ్యకు."

ఆదివారం ఒక్కరోజే నాకు నిద్రపోయే రోజు. ఆ ఒక్కరోజూ ఒక పెద్దమనిషిని బడికి తీసుకుపోయినట్టు తీసుకుపోవాలా అని సణుగుతూనే చెప్పులు వేసుకున్నాను.

స్టేషన్ దగ్గర బస్సు మారాం. వరాఛా దాటేదాకా నర్సింగం బాగానే ఉన్నాడు. ఆ తర్వాత డబ్బాను ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలి మీదికి మార్చడం మొదలుపెట్టాడు. కిటికీ తీశాడు, వేశాడు. సర్థానా అని కండక్టర్ అరవగానే లేచాడు. నేను చొక్కా వెనక నుంచి పట్టుకున్నాను.

"పులిని చూసిపోదాం తమ్మీ, ఒక్క నిమిషం."

"పులి పండుకున్నది. కూసో."

కూర్చున్నాడు. బస్సు కదిలాక పార్కు గేటు కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు. నేను భయంతో కామ్‌రేజ్ వచ్చేదాకా అతని చొక్కా వదల్లేదు.

ఆ అపార్ట్‌మెంటు హైవే పక్కన సందులో ఉంది. పునాదుల మీద మొండి స్తంభాలు, ముందు రేకుల గేటు, పక్కన చిన్న గది. గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో బిక్షపతి ఒక్కడే కూర్చున్నాడు. వాచ్‌మన్ చొక్కా అతనికి వదులైంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఎవలు కావాలె?" అన్నాడు.

నర్సింగం డబ్బా చాపి నిలబడ్డాడు. "విజయ పంపింది," అన్నాడు మెల్లగా.

"విజయ పంపితే వచ్చినవా? నీ అంతల నువ్వు రాలే!" బిక్షపతి లేచాడు. పక్కన మగ్గమేమీ లేకపోయినా మగ్గాల మోతను దాటే గొంతుతో అరిచాడు. "హోలీ సంది గేటు దిక్కు చూస్తున్నరా! ఆటో ఆగితే నువ్వే అనుకుంట. లారీ ఆగితే గూడ నువ్వే అనుకుంట. పని పోతె పోయింది, మెషిన్ తీస్కపోయింది. నువ్వు గూడ పోవుడేందిరా?"

నర్సింగం కూడా అరిచాడు. "నీ పని నేను తిన్ననని నువ్వనుకుంటున్నవేమోనని..."

"నేనెందుకనుకుంట? ఉండుమని చెప్పింది నేను! నీకు బుద్ధుందా?"

పరంజా మీద ఇటుకలు పేరుస్తున్న ఒక ఒరియా మేస్త్రీ తొంగి చూసి, దిగి వచ్చి ఇద్దరినీ విడదీయబోయాడు. అనుభవం ఉంది కాబట్టి నేను అతన్ని ఆపాను. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. నర్సింగం చేతిలోని డబ్బాను బిక్షపతి అందుకుని మూత తీసి, ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు.

అప్పుడు చూశాను గది పక్కన గోడకు ఆనించిన మంచాన్ని. కట్టడంలో మిగిలిన ఇనుప గొట్టాలతో చేసిన చట్రం. చీరల మిల్లుల్లో కత్తిరించి పారేసే చిందీ పీలికలను పేని తాడు చేసి, దానితో అల్లుతున్నాడు. ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో తలవైపు జానెడు మేర అయింది. మిగతాదంతా ఖాళీ. తాడు చుట్ట మీద దుమ్ము పేరుకుని ఉంది. చాలా రోజుల నుంచి ముట్టుకోలేదని తెలుస్తూనే ఉంది.

"ఎందుకు ఆపినవన్నా? ఒక్కనితోని కాదా?" అని అడిగాను.

"ఎందుకు కాదు, అయితది. ఇటు నుంచి తాడు ఏసి, లేసి అటు దిక్కు పోయి గుంజుకొని మళ్ళ ఇటు రావాలె. అటు దిక్కు పోయినప్పుడల్ల ఎవ్వడు లేడు కదా అని యాదికొస్తది. అందుకే ఇడిసిపెట్టిన."

నర్సింగం మంచాన్ని పడుకోబెట్టాడు. ఎవరూ చెప్పకుండానే కుడివైపు గొంతుక్కూర్చున్నాడు. అలవాటు కొద్దీ వేళ్ళు నేల మీద బూడిద కోసం వెతికి, తెల్లగా కనిపించిన పొడిలో దిగాయి.

"సిమెంటురా అది! చేతులు కాల్తయ్, తుడుసుకో," అని బిక్షపతి నవ్వుతూ ఎడమవైపు కూర్చున్నాడు. తాడు కొస విసిరాడు. నర్సింగం అందుకుని, గొట్టం కింద నుంచి చుట్టి, లాగి, తిరిగి విసిరాడు. రెండు వరసలయ్యేసరికి ఇద్దరి చేతులూ ఒకే లయలో పడ్డాయి. మాటలూ మొదలయ్యాయి. హోలీ నుంచి కూడబెట్టిన మాటలు. లాస్య పరీక్షలు, బిక్షపతి కోడలి మొండితనం, మెషీన్ చేసే చప్పుడు ఎలా ఉంటుంది, పులి ఎందుకు లేవదు. చెడిపోయిన గుడ్డ సంగతి నర్సింగమే చెప్పాడు. మెషీన్‌ను మధ్యలో కలుసుకోబోయాడని విని బిక్షపతి తాడు పట్టుకునే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

పొద్దు వాలుతుండగా నర్సింగం జేబులో ఫోను మోగింది. అతని రెండు చేతుల్లో తాడు బిగువుగా ఉంది. వదిలితే అల్లిక సడలుతుంది. "జర చూడు తమ్మీ," అన్నాడు. తీసి చూశాను. సోమలింగం.

"ఏమన్నడు మీ బావ? రేపటి సంది అస్తుండా, లేదా?" అని ఫోన్‌లో అడిగాడు.

నేను నర్సింగం వైపు చూశాను. అతను తాడు వదల్లేదు, తల ఎత్తలేదు.

"ఖాలీ లేనని చెప్పు," అన్నాడు.

చెప్పాను. సోమలింగం నమ్మలేక రెండోసారి అడిగాడు. రెండోసారీ అదే చెప్పి ఫోను నా జేబులోనే వేసుకున్నాను.

బిక్షపతి తాడు కొస తన వైపుకు లాక్కుని గట్టిగా బిగించి, సందు మొదట్లో ఉన్న చాయ్ బండి వైపు గడ్డంతో చూపించాడు.

"చాయ్ నువ్వే తాపాలె," అన్నాడు. "ఎనక అచ్చింది నువ్వే."